పచ్చగాజు

2074లో కాకినాడలో గర్భిణి ఎదురైతే ఎన్నో నెల అని ఎవరూ అడగరు. ముందు చేతికేసి చూస్తారు. గాజు ఆకుపచ్చగా ఉంటే "చల్లగా ఉండమ్మా" అంటారు. ఎర్రగా ఉంటే ఏం తిన్నావని ఆరా తీస్తారు.

ఆ గాజు కనిపెట్టింది డాక్టర్ వకుళ. పూర్వం కడుపుతో ఉన్నవాళ్లకు షుగరు ఉందో లేదో తెలియాలంటే గ్లూకోజు నీళ్లు తాగించి, గంటల తరబడి కూర్చోబెట్టి, మళ్లీ మళ్లీ రక్తం తీసేవారు. వకుళ చేసిన చక్కెరగాజుకు ఆ బాధ లేదు. దాని లోపలి అంచున కంటికి ఆనని సూక్ష్మసూదులు, అంటే మైక్రోనీడిల్స్, చర్మం కింది ద్రవంలో చక్కెరను ఎప్పటికప్పుడు కొలుస్తాయి. హద్దు దాటితే గాజు ఎర్రబడుతుంది.

ఫలితం ఫోనుకు పంపితే చాలదా, రంగెందుకని తోటి శాస్త్రవేత్త ఇస్మాయిల్ అప్పట్లో అభ్యంతరం చెప్పాడు.

"నలుగురూ చూస్తేనే భయం ఉంటుంది ఇస్మాయిల్," అంది వకుళ.

లోకులు పలుగాకులంటారు. ఆ కాకుల్నే ఆవిడ కాపలా పెట్టింది. భయం బాగానే పనిచేసింది.

వకుళ కోడలు సింధూజ సీమంతానికి వీధంతా కదిలొచ్చింది. కనిపెట్టినావిడ ఇంట్లో గాజు ఏ రంగులో ఉందో చూడాలని కొందరికి మరీ ఆత్రం. గాజు పచ్చగా నిగనిగలాడుతోంది. వకుళ ఆ చెయ్యి పైకెత్తి అందరికీ చూపించింది. మణికట్టు ఎంత సన్నబడిందో, డాక్టరై ఉండి కూడా గమనించలేదు.

హారతి పూర్తికాకుండానే సింధూజ కుప్పకూలింది.

ఆసుపత్రిలో స్కానింగ్ యంత్రం నెమ్మదిగా చెప్పింది. "బిడ్డ ఎదుగుదల ఆగిపోయింది. తల్లి చాలా వారాలుగా సరిగా తినడం లేదు."

"చక్కెర?" అలవాటుగా అడిగింది వకుళ.

"సవ్యంగా ఉంది."

ఎందుకిలా చేశావని కోడల్ని అడిగింది. అయిదో నెలలో ఒక పూట గాజు ఎర్రబడిందట. కొంగు కప్పుకుని తిరిగిందట. మర్నాటి నుంచి అన్నం మానేసి మజ్జిగతో సరిపెట్టుకుందట.

"నాకు చెప్పొచ్చుగా తల్లీ. దానికి మందుంది."

"మీ కోడలి గాజే ఎర్రబడితే మీ పరువేం కాను అత్తయ్యా?"

వకుళకు ఇస్మాయిల్‌తో అన్నది గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది. కోడలి చేతి గాజు తీయబోయింది.

సింధూజ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఉంచండత్తయ్యా. బయట అందరూ ఉన్నారు. చేతికి లేకపోతే ఎర్రబడిందనుకుంటారు."