ముప్పై సెకన్ల నిశ్శబ్దం

పరుగు... మెట్లు రెండేసి చొప్పున దిగుతోంది డైరెక్టర్.

పైన హాల్లో ఆమె డాక్యుమెంటరీ చివరికొచ్చింది. పిల్లల చేత మత్తు పొట్లాలు మోయించే మేస్త్రీ మీద పదహారేళ్ల పిచ్చుక చెప్పిన సాక్ష్యం అది. చూస్తున్నది పోలీసు ఆఫీసర్లు. సినిమా అవగానే పిచ్చుక తను దాక్కున్న గదిలోంచే లైవ్‌లో వాళ్లతో మాట్లాడాలి.

సినిమాలో పిచ్చుక ముఖం మసక చేసింది డైరెక్టర్. గొంతు మార్చింది. ఒక్కటే మరిచిపోయింది... నిశ్శబ్దం!

షూటింగ్ కూడా పిచ్చుక దాక్కున్న ఆ గదిలోనే. షూటింగ్ అయ్యాక ముప్పై సెకన్లు ఖాళీ గది చప్పుడు రికార్డు చేస్తారు. డైరెక్టర్ పెదవుల మీద వేలు పెడితే అందరూ గప్‌చుప్. ఆ రోజు పిచ్చుక చెల్లెలు కూడా అక్కడే ఉంది. నెల తిరక్కుండా లారీ కింద పడి చనిపోయింది. యాక్సిడెంట్ అన్నారు. ఇప్పుడు ఆ పిల్ల ఊపిరి మిగిలింది ఆ ముప్పై సెకన్లలోనే.

అది తీసేయొద్దని పిచ్చుక బతిమాలింది. డైరెక్టర్ మనసు కరిగి, సినిమా చివర అలాగే ఉంచేసింది.

ఊపిరి వెనకే ఇంకో చప్పుడు. దడ్ దడ్ దడ్... ఆగి, మళ్లీ దడ్ దడ్ దడ్. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఐస్ ఫ్యాక్టరీ, ఆ గది పక్కనే!

ఇందాక ఆ చప్పుడు రాగానే ఆఖరి వరసలో ఒకడు లేచాడు. తలుపు తోసిన చేతికి నాలుగే వేళ్లు. పిచ్చుక చెప్పిన గుర్తు.

మేస్త్రీ!

పిచ్చుక ఫోన్ ఎత్తడం లేదు. ఆ గది వెనక వీధిలోనే... అయినా దారి తరగడం లేదు. చేజేతులా పట్టించాను కదా అని డైరెక్టర్ కుమిలిపోతోంది. చచ్చిపోయిన పిల్ల ఊపిరి చెవిలోంచి పోవడం లేదు.

పిచ్చుక ఉన్న పై గది. తలుపు బార్లా తెరిచి ఉంది.

మేస్త్రీ వీపు. చేతిలో పిస్టల్. ఎదురుగా కుర్చీలో పిచ్చుక.

డైరెక్టర్ అరవబోయింది. పిచ్చుక మెల్లగా పెదవుల మీద వేలు పెట్టింది. వేలు తీయకుండానే మేస్త్రీని అడిగింది.

"చెల్లిని లారీ కిందకి తోసింది నువ్వేగా?"

"నేనే. నిన్నూ దాని దగ్గరికే పంపిస్తా. నా మీద సినిమా తీయిస్తావా?"

"తీయించడమే కాదు. చివర ఆ చప్పుడు ఉంచమన్నదీ, నీకు పాస్ పంపిందీ నేనే."

మేస్త్రీ బిత్తరపోయాడు. అప్పుడు చూశాడు... మూలన, ఆరేసిన బట్టల వెనక, కెమెరా ఎర్ర లైటు.

లైవ్! హాల్లో ఆఫీసర్లంతా చూస్తున్నారు.

ఢాం!

కెమెరా అద్దం భళ్లున పగిలింది. అప్పటికే మెట్ల నిండా బూట్ల చప్పుడు. నాలుగు వేళ్లలోంచి పిస్టల్ జారిపోయింది.

పిచ్చుక పెదవుల మీంచి వేలు తీసింది.

"అయిపోయింది అక్కా. ఇప్పుడు ఏడవొచ్చు."