మూడో గుంత మీద బండి

మా షెడ్డులో మూడో గుంతకి చెడ్డపేరు. బండిని పైన నిలిపి, మనిషి కిందకి దిగి పనిచేసే గుంత అది. షట్టర్లు దించాక అక్కడ ఆడగొంతు ఏడుస్తుందని... ఆ పుకారులో సగం నేనే పుట్టించాను. దేవుడు నాకిచ్చిన తెలివంతా పని ఎగ్గొట్టడానికే సరిపోయింది. మిగతా సగం మాత్రం — నిజంగానే విన్నాను.

పెద్దమేస్త్రీ తమ్ముడు పనిచేసిన గుంత అది. ఓ బండి గేర్‌బాక్సు పగలగొట్టాడని ఓనరు అతన్ని వెళ్ళగొట్టాడు. లారీ తోలుకుంటానని పోయినవాడు ఏడాది తిరక్కుండా ప్రమాదంలో పోయాడు.

ఆ రాత్రి ఆటోమేటిక్ గేర్ల బండి ఒకటి ఆ గుంత మీదే ఉంది. ఇంజను బలాన్ని వెనక చక్రాలకీ పంచే పెట్టె — పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్ — బిగించాలి. తెల్లారేసరికి బండి ఇచ్చెయ్యాలి. నాకు సరిగ్గా అప్పుడే కడుపునొప్పి వచ్చింది. తాళం బండికే వదిలేసి మేస్త్రీ ఒక్కడే దిగాడు. ఇక్కణ్ణుంచి అతను చెప్పిందే చెబుతున్నాను.

పెట్టెని గుండెల మీదికి ఎత్తుకుని గేర్‌బాక్సులోకి నెట్టాడట. రెంటి పళ్ళూ కలవలేదు. తిప్పాడు... కలవలేదు. చేతులు లాగేస్తున్నాయి. విసుగొచ్చి బోల్టులు పెట్టాడు — బిగిస్తూ పోతే అదే లోపలికొస్తుందని. స్పానర్ వేశాడు.

పైన, ఎవరూ లేని బండిలో... టక్!

గేరు లివర్ జరిగిన చప్పుడు. పార్కింగు నుంచి న్యూట్రల్‌కి.

లోపల బిగుసుకున్న పళ్ళు వదిలాయి. పెట్టె మెత్తగా జారి కూచుంది.

మేస్త్రీ స్పానర్ వదిలేసి పైకి చూశాడు. తమ్ముడి పని పోయిన రోజూ ఇంతే — లివర్ పార్కింగులో మర్చిపోయి, బోల్టులు బలవంతంగా బిగిస్తే గేర్‌బాక్సు పగిలింది.

“తమ్ముడూ...” అన్నాడట. “బిగించింది నేనేరా. ఓనరు అడిగితే... నీ పేరు చెప్పాను.”

బండి తలుపు తెరుచుకుంది. గుంత అంచున రెండు పాదాలు...

“ఆయన కాదు, బావగారూ. నేను.”

తమ్ముడి భార్య.

అందరం వెళ్ళాక షెడ్డు ఊడ్చేది ఆమేనని ఓనరుకి తప్ప ఎవరికీ తెలీదు. పొద్దున్నే నేల అంత శుభ్రంగా ఎలా ఉంటోందని అడిగిన మగాడూ లేడు, నాతో సహా. ఊడ్చాక ఆ గుంత దగ్గర కూచుని ఏడ్చుకునేదట. ఆ రాత్రి బావగారి అడుగులు విని, ఎదురుపడలేక బండిలో దాక్కుంది.

“లివర్ సంగతి నీకెలా తెలుసమ్మా?”

“ఆయన రోజూ చెప్పేవారు. ‘ఓనరుతో చెప్పక్కర్లేదే, తప్పు తనదని అన్నయ్య నాతో ఒక్కసారి అంటే చాలు’ అని... ఫోను తల దగ్గర పెట్టుకునే పడుకునేవారు.”

మేస్త్రీ గుంతలోంచి చెయ్యి చాచాడట. ఆమె అందుకోలేదు.

“ఇప్పుడు అన్నారు, బావగారూ... నేను వెళ్ళి ఎవరికి చెప్పను?”