తోమి బోర్లించిన బీకరు

ఆషాఢం వచ్చినా గుంటూరులో ఎండ తగ్గలేదు. ఆ రోజు కరెంటు తీగ మీద వాలిన కాకులు ఒంటికాలి మీద నిలబడి, అది కాలగానే రెండో కాలు మార్చుకుంటున్నాయి. ఈ మాట అన్నది డిటెక్టివ్ జ్యోతిర్మయి అసిస్టెంటు క్రీస్తుదాసు. అతను చెప్పినదాంట్లో సగం తీసేస్తే నిజం మిగులుతుందని బ్రాడీపేటలో ఒక నమ్మకం. ఆ మిగిలినదాంట్లో మళ్లీ సగం తీసేయాలని జ్యోతిర్మయి నమ్మకం.

జిరాక్సు షాపు మీదున్న వాళ్ల ఆఫీసుకి ఒక అమ్మాయి మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. చేతిలో రైలు టిక్కెట్టు నలిగి ఉంది.

"కూర్చోమ్మా," అన్నాడు క్రీస్తుదాసు. "ఇక్కడికొచ్చాక ఏడవక్కర్లేదు. మా మేడమ్ మిర్చి యార్డులో దొంగని తుమ్ము విని పట్టుకుంది తెలుసా? అంతమంది హమాలీల మధ్య ఒక్కడే తుమ్మాడు. అలవాటున్నవాడు తుమ్మడు గదా! వాడు తుమ్మిన తుమ్ముకి మూడు బస్తాల మిరపకాయలు లేచి..."

"దాసూ," అంది జ్యోతిర్మయి, "మంచినీళ్లు."

అమ్మాయి పేరు ఉజ్మా. ఊళ్లో ఒక కాలేజీలో, కెమిస్ట్రీ ప్రొఫెసర్ చైతన్యకృష్ణ దగ్గర పరిశోధన చేస్తోంది.

"నన్ను దొంగ అన్నా ఊరుకునేదాన్ని మేడమ్. అబద్ధాలకోరు అన్నారు."

"మొదట్నించి చెప్పు. నాకు కెమిస్ట్రీ రాదు. ఇతనికి అసలు రాదు."

ఉజ్మా నీళ్లు తాగి, మెడలో ఉన్న పూసల దండ చూపించింది. "మన ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ అని ఒక దారం ఉంటుంది మేడమ్. దానికి నాలుగు రకాల పూసలు. అందులో ఒకదాని పేరు అడెనిన్. నేను ఆ అడెనిన్‌కి రాగిని పట్టించాను."

"ఎందుకూ?"

"క్యాన్సర్‌కి ప్లాటినంతో చేసిన మందు ఒకటుంది. అది పోయి ఆ దారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఆ కణం రెండు కాలేదు. మంచి మందే, కానీ మూత్రపిండాలని బాధపెడుతుంది. ప్లాటినం బదులు రాగి లాంటివి పనికొస్తాయేమోనని చాలామంది చూస్తున్నారు. నాది మందు అని చెప్పను. ఇంకా గాజు పళ్లెంలో పెంచిన కణాల మీదే పనిచేసింది. అసలు రాగి ఆ పూసని ఎక్కడ పట్టుకుందో తెలియాలి. దానికి స్ఫటికం కావాలి. కలకండ కట్టినట్టు మెల్లగా కట్టాలి. ఎన్నిసార్లు వేసినా పిండిలా రాలిపోయేది. చివరికి ఈసారి బీకర్లో నీలం రాళ్లు కట్టాయి మేడమ్! చక్కగా, మెరుస్తూ!"

ఆ రాళ్లు తలుచుకోగానే ఆమె మొహం వెలిగింది. వెంటనే ఆరిపోయింది.

"నిన్న పొద్దున చూసుకున్నాను. సార్ ఊళ్లో లేరు, తిరిగొచ్చీ రాగానే క్లాసుకి వెళ్లిపోయారు. సాయంత్రం చూపిద్దామనుకున్నాను. భోజనం చేసి వచ్చేసరికి బీకరు ఖాళీ. రేపు హైదరాబాదులో ఎక్స్‌రే మిషను దగ్గర మాకు టైము ఇచ్చారు. సార్ ఏమన్నారంటే, 'నీకు స్ఫటికాలు కట్టనే లేదు, తేదీ దగ్గర పడేసరికి దొంగతనం కథ అల్లావు' అని. ఇవాళ సాయంత్రం బండికి స్ఫటికాలతో ఎక్కకపోతే ప్రాజెక్టులోంచి నా పేరు కొట్టేస్తారంట. అంతే, నా చదువు అక్కడితో సరి."

జ్యోతిర్మయి చెప్పులు వేసుకుంది. క్రీస్తుదాసు అప్పటికే ఆటో ఆపాడు.

*

ల్యాబు ముందు వరండాలో ప్రొఫెసర్ చైతన్యకృష్ణ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మంచివాడే, కాని మంచివాడని ఎవరికీ తెలియకుండా జాగ్రత్తపడే మనిషి.

"డిటెక్టివులా? స్ఫటికాలుంటే గదండీ పోవడానికి!"

"లేకపోతే అదే చెప్పి వెళ్తానండీ," అంది జ్యోతిర్మయి.

లోపల ఫ్యాను కింద స్టూలు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నేత చీర, నుదుట రూపాయంత బొట్టు, పక్కన నిండిన సంచి. ఆవిడ ప్రొఫెసర్ గారి తల్లి పిచ్చమ్మ. పొదిలి దగ్గర, నీటికి కటకటలాడే పల్లె నుంచి నిన్న కొడుకుని చూడ్డానికి వచ్చింది. మధ్యాహ్నం బస్సుకి తిరుగు ప్రయాణం.

"నువ్వేనా అమ్మాయ్ డిటెట్టివు? పట్టుకో ఆ ఎదవని! క్యాన్సర్ మందంట, పుణ్యం పురుషార్థం లేకుండా ఎత్తుకుపోయాడంట. వాడి చేతులు పడిపోను! వాడి గడ్డి వాము తగలబడ!"

"మందు పోయిందని ఎవరు చెప్పారు పెద్దమ్మా?"

"మావాడే, ఈ పిల్ల అలా చెప్తోందని. రాత్రి అన్నం కూడా సరిగ్గా తిన్లా. నన్నూ ఉండమన్నాడు గానీ, అక్కడ మిరపనారు కుళ్లిపోతోంది. నేనెళ్లి మందు పోయకపోతే మడి మొత్తం తుడిచిపెట్టుకుపోద్ది."

మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ కుడిచేయి కొంగుముడి మీదే ఉంది. బస్సు డబ్బులు కాబోలు అనుకున్నాడు క్రీస్తుదాసు. ఆవిడ సంచిలోంచి రెండు చెక్కలు తీసి అతని చేతిలో పెట్టింది. సంచిలో ఎండుమిరపకాయలు, గోంగూర పచ్చడి సీసా, కొత్త చింతపండు ముద్ద కనబడ్డాయి. చెక్కలు నోట్లో వేసుకోగానే, ఈ లోకంలో అనుమానించకూడని మనిషి ఒక్కరుంటే అది ఈవిడేనని తీర్మానించాడు.

జ్యోతిర్మయి సామాన్లు కడిగే తొట్టి దగ్గరికి వెళ్లింది. బల్ల మీద బీకర్లు బారులు తీరి ఉన్నాయి. ఒకదాని అడుగున పసుపు గార, ఒకదాని అంచున తెల్లటి పొర, ఒకటి ఎప్పుడు కడిగారో కడిగినవాళ్లకే తెలియాలి. వాటి మధ్య ఒక్క బీకరు మడత పెట్టిన కాగితం మీద బోర్లించి ఉంది. అందులో మొహం చూసుకుని క్రీస్తుదాసు క్రాఫు సరిచేసుకోవచ్చు. సరిచేసుకున్నాడు కూడా.

"నా బీకరు అదే," అంది ఉజ్మా చిన్నగా.

"దీన్ని నువ్వు కడిగావా?"

"లేదు మేడమ్. నిన్న ఇలాగే కనబడింది. ముట్టుకోలేదు."

తొట్టి జాలీలో గోధుమరంగు పీచు ఇరుక్కుని ఉంది. జ్యోతిర్మయి దాన్ని వేలితో తీసి, వాసన చూసి, క్రీస్తుదాసు ముక్కు దగ్గర పెట్టింది. అతని నోట్లో నీళ్లూరాయి. తరవాత ఆమె కిటికీలో ఉన్న మనీప్లాంటు కుండీలో వేలు గుచ్చింది. మట్టి తడిగా ఉంది.

"ఈ మొక్కకి నీళ్లెవరు పోస్తారు?"

"ఎవరూ పొయ్యరండీ," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ అటెండరు అంకయ్య గర్వంగా. "అది మొండి మొక్క."

జ్యోతిర్మయి అంకయ్యని వరండాలోకి తీసుకెళ్లింది.

"నిన్న మధ్యాహ్నం ల్యాబుకి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండి. నేను గుమ్మం వదిలితే ఒట్టు."

"ఒక్కరూ?"

"సారు వాళ్లమ్మగారు తప్ప ఎవరూ రాలేదండి. సారు గదికి తాళం ఉంటే నేనే ఇక్కడ ఫ్యాను కింద కూర్చోబెట్టా. ఆవిణ్ణి లెక్కెయ్యకూడదు గదండీ."

"నువ్వు బీకర్లు తోముతావా?"

"సామాన్లు ముట్టుకుంటే సారు చంపేస్తారండి. పదేళ్లనించి ఏదీ ముట్టుకోలా."

మిగిలింది భవ్య. ఉజ్మాతో పాటు పరిశోధన చేసే పిల్ల. ఆమె జింకుతో స్ఫటికాలు వేస్తోంది, ఇంకా కట్టలేదు.

"ఉజ్మా రాళ్లు నువ్వు చూశావా?"

"చూశానండి. నిన్న పొద్దున నాకే మొదట చూపించింది. సార్‌కి చెప్తే, స్నేహితురాలివి గనక వెనకేసుకొస్తున్నావన్నారు."

"కుళ్లుకోలేదా?"

"బాగా కుళ్లుకున్నా. రెండు ఐస్‌క్రీములు తిన్నా ఆ మంట తగ్గలేదు. కానీ నేను తియ్యలేదండీ."

"ఆ బీకరు నువ్వు తోమావా?"

భవ్య ఫక్కున నవ్వింది. "నేనా? నేను ఒక్క గిన్నె తోమానంటే మా అమ్మ వీధిలో టపాకాయలు కాలుస్తుందండీ!"

క్రీస్తుదాసుకి తల తిరిగింది. ఉజ్మా తియ్యలేదు, భవ్య తియ్యలేదు, అంకయ్య పదేళ్లుగా ఏదీ ముట్టుకోలేదు. ఇక మిగిలింది ప్రొఫెసరే. ఆ మాట మేడమ్ చెవిలో ఊదాడు. "సారే తీశాడు మేడమ్! ఉజ్మా పేరు కొట్టేసి, తన పేరు పెట్టుకోడానికి!"

"సార్ ఇంట్లో ఎప్పుడైనా కాఫీ గ్లాసు కడిగి ఉంటారా దాసూ?"

"మొహం చూస్తే కడిగే రకంలా లేడు."

"మరి ఆయన కాదు. అందరినీ లోపలికి పిలువు. తొందరగా. పొదిలి బస్సు టైమవుతోంది."

పొదిలి బస్సుకీ క్యాన్సర్ మందుకీ ఏం సంబంధమో క్రీస్తుదాసుకి తెలియలేదు. కాని మేడమ్ అలా అన్నదంటే ముడి విడిపోయినట్టే. ఛాతీ రెండంగుళాలు పొంగింది.

*

అందరూ బల్ల చుట్టూ నిలబడ్డారు. పిచ్చమ్మ మాత్రం సంచి భుజాన వేసుకుని గడియారం చూస్తోంది. "త్వరగా పట్టుకో అమ్మాయ్. వాడి మొహాన నాలుగు తిట్టి బస్సెక్కుతా."

జ్యోతిర్మయి మెరిసే బీకరు చేతిలోకి తీసుకుంది.

"ప్రొఫెసర్ గారూ, దొంగ ఏం చేస్తాడు? వస్తువు ఎత్తుకుపోతాడు. తొందరగా ఉంటే గిన్నెతో సహా ఎత్తుకుపోతాడు. గిన్నె తోమి, కాగితం మడత పెట్టి, దాని మీద బోర్లించి పోయే దొంగని మీరెక్కడన్నా చూశారా?"

"లేదు," అన్నాడు ప్రొఫెసర్ అయిష్టంగా.

"ఉజ్మా అబద్ధమాడుతుంటే బీకరు తోమే పనే లేదు. రాళ్లు ఎవరో తీశారని చెప్పడానికి నీలం నీళ్లు అలాగే వదిలేస్తే సరిపోయేది. కాబట్టి ఆ అమ్మాయి కాదు. భవ్య తోమదు, అంకయ్య ముట్టుకోడు, మీరు కడగరు. ఇక్కడికి వచ్చినవాళ్లలో ఎవరో గిన్నె అలా ఉంటే చూస్తూ ఊరుకోలేని మనిషి. జాలీలో చింతపండు పీచు ఉంది. గ్లాసుకి నీలంగా, పచ్చగా రాగి మరక కనబడితే మన ఇళ్లల్లో ఏమంటారు?"

"చిలుము," అంది ఉజ్మా.

"చిలుము పడితే?"

"చింతపండేసి తోముతారు," అన్నాడు క్రీస్తుదాసు. అన్నాక తన నోరు తనే మూసుకుని, మెల్లగా పిచ్చమ్మ వైపు తిరిగాడు.

"తోమిన నీళ్లు ఎవరైనా తొట్టిలో పారబోస్తారు. ఈవిడ పారబొయ్యలేదు, ఎవరూ చూడని మొక్కకి పోశారు. నీటి కోసం ట్యాంకరు వెనక పరిగెత్తే ఊరి మనిషి గనక. పెద్దమ్మా, ఈ గ్లాసు తోమింది ఎవరు?"

"నేనే తోమా!" అంది పిచ్చమ్మ, ఇందులో దాచేదేముందన్నట్టు. "అంత చిలుం పెట్టుకుని కూర్చున్నారు, ఇదేం కాలేజీరా అబ్బాయ్? ఎవడన్నా మంచినీళ్లనుకుని తాగితే చస్తాడు. అందుకే తోమి బోర్లించా. తప్పా?"

ప్రొఫెసర్ గారి మొహంలో రక్తం చుక్క లేదు. "అమ్మా... అందులో రాళ్లుండాలి. ఏం చేశావు?"

"రాళ్లా? ఆ మైలుతుత్తం రాళ్లా?"

"మైలు... కాపర్ సల్ఫేటా?"

"తోమిన నీళ్లే పారబొయ్యనిదాన్ని, మైలుతుత్తం పారేస్తానంట్రా? చెంచాతో గీకి, కాగితంలో ఆరబెట్టి మూట కట్టా. సున్నంతో కలిపి పోస్తే నారుకుళ్లు ఇట్టే ఆగిపోద్ది. ఎంత నాణ్యమైన సరుకో! పొదిలి కొట్లో ఇంత చక్కటి రాయి నా జన్మలో చూళ్లేదు."

ఆవిడ కొంగుముడి విప్పింది. పళ్లు పెట్టి లాగాల్సి వచ్చింది, అంత బిగువుగా కట్టింది. లోపల కాగితం పొట్లం. అందులో కొన్ని నలిగి పొడయ్యాయి, కొన్ని విరిగాయి. మిగతావి కిటికీ వెలుగులో నీలంగా తళుక్కుమన్నాయి.

ఉజ్మా అరిచిన అరుపుకి కింద అంతస్తులో పాఠం ఆగిపోయింది. క్రీస్తుదాసు తరవాత చెప్పినదాని ప్రకారం, నరసరావుపేటలో కూడా ఒక పాఠం ఆగిందట.

ఉజ్మా పొట్లాన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. ఒక్క పగులు లేని రాయి ఉంటే చాలు. ఆవగింజలో సగమున్నా చాలు.

"ఉంది," అంది. "సార్, ఉంది! ఇదుగో, ఇంకోటి కూడా!"

ప్రొఫెసర్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచేసరికి కళ్లజోడు మసకబారి ఉంది.

"ఉజ్మా, ఇంత అందమైన స్ఫటికం ఈ ల్యాబులో ఎప్పుడూ కట్టలేదు. నిన్ను అనరాని మాట అన్నాను. తప్పు నాది."

పిచ్చమ్మకి అప్పటికి లెక్క తేలింది. నోరు తెరిచి కొడుకుని చూసింది, ఉజ్మాని చూసింది. "అంటే... మందు దొంగని నేనేనా? నిన్నట్నించి నన్ను నేనే తిట్టుకుంటున్నానా? ఓరి నాయనో! గడ్డి వాము మాట వెనక్కి తీసుకుంటున్నా. చేతుల మాట కూడా!" అని ఉజ్మా రెండు చేతులూ పట్టుకుంది. "తల్లీ, ఇదంతా చేతులారా నేనే చేశా. మైలుతుత్తం కాదని నాకేం తెలుసు? నన్ను తిట్టు. గట్టిగా తిట్టు."

"మీరు పారెయ్యకుండా దాచినందుకే గదా నానమ్మా ఇవి మిగిలాయి," అంది ఉజ్మా, నవ్వూ ఏడుపూ కలిసిపోయి.

"అయితే విను. రైల్లో నీ పక్కన నేను కూర్చుంటా. హైదరాబాదు దాకా వస్తా. లోకంలో నాబోటి వాళ్లు ఎంతమందున్నారో ఏం తెలుసు?"

"అమ్మా, మరి నారుమడి?" అన్నాడు ప్రొఫెసర్.

"నువ్వెళ్తావు. అసలైన మైలుతుత్తం కొనుక్కుని, సున్నం కలిపి, నారుకి పోసి రా. కెమిస్ట్రీ చదివావు గదా, ఆ మాత్రం రాదా?"

ప్రొఫెసర్, తల్లి భుజం మీది సంచి తీసుకుని తన భుజాన వేసుకుని, పొదిలి బస్సుకి బయల్దేరాడు.

*

మర్నాడు పొద్దుగూకే వేళకి జ్యోతిర్మయి ఫోను మోగింది. వీడియోలో ఉజ్మా మొహం, దాని పక్కన సగం పిచ్చమ్మ మొహం.

"మేడమ్, చిక్కింది! రాగి ఎక్కడ పట్టుకుందో కనబడింది. నా పేరు ప్రాజెక్టులోనే ఉందని సార్ పొలం నించి ఫోన్ చేసి చెప్పారు. కాళ్లు బురదలో ఉన్నాయంట!"

"ఎలా ఉంది ఉజ్మా లోపల?"

ఉజ్మా నోరు తెరిచేలోగా పిచ్చమ్మ ఫోను లాక్కుంది. తెరంతా ఆవిడ బొట్టే.

"నేను చెప్తా అమ్మాయ్. టీవీలో చూపించారు. మధ్యలో రాగివి రెండు బంతులు ఎదురెదురుగా నిలబడ్డాయి. వాటి చుట్టూ ఈ పిల్ల చెప్పే పూసలు నలుగురు. ఒక్కొక్కరూ ఒక చేత్తో దీన్నీ, ఇంకో చేత్తో దాన్నీ పట్టుకున్నారు, మా ఊరి ఆడాళ్లు కోలాటానికి నిలబడ్డట్టు. ఎంత తిప్పి చూపించినా ఒక్కరు చెయ్యి వదల్లేదు!"