పాప రక్తంలో రెండో సాక్షి

"నా సంగతి తర్వాతండీ, ముందు నా బిడ్డ నా దగ్గరుండేలా చూడండి!" అంటూ ఆ నర్సు డిటెక్టివ్ ఎదుట కుర్చీలో కూలబడింది.

నాలుగేళ్ల కూతురు ఇంట్లో ఉన్నట్టుండి చెమటలు పట్టి పడిపోతోంది. పడిపోయినప్పుడు తీసిన రక్తంలో చక్కెర అడుగంటింది, ఇన్సులిన్ మాత్రం దండిగా ఉంది. ఆసుపత్రిలో ఉంచితే పిల్ల నిక్షేపంగా ఉంది. ఇంకేం, సూదిమందు పొడిచేది తల్లేనని మామగారు తీర్మానించేశారు. రేపే పాపను ఆమెకు దూరంగా తీసుకెళ్లిపోతారట.

అసిస్టెంటుకు జాలేసింది. అయినా ఆమె మీద అనుమానం పోలేదు. ఇంట్లో సూది పట్టడం తెలిసింది ఆమెకే కదా!

డిటెక్టివ్ డాక్టరుకు ఫోన్ చేసి, ఆ రక్తంలోనే మరో రెండు పరీక్షలు చేయించమన్నాడు. తర్వాత అసిస్టెంటుతో వాళ్లింటికి వెళ్లాడు.

హాల్లో పాప వాలుకుర్చీ మెత్తలు లాగి ఇల్లు కట్టుకుంటోంది. మామగారు రుసరుసలాడుతున్నారు.

"మీరు షుగరు మందులు వేసుకుంటున్నారా?" అని డిటెక్టివ్ ఆయన్ని అడిగాడు.

"వేసుకోక చస్తానా? కోడలు మాత్ర చేతిలో పెట్టి మరీ నిలబడుతుంది. ఏం లాభం? నా చక్కెర దిగదు, పిల్ల చక్కెర నిలవదు. అంతా ఈ మహాతల్లి చలవ!"

సాయంత్రం డాక్టరు ఫలితాలతో వచ్చాడు. డిటెక్టివ్ ఆమె భర్తతో సహా అందరినీ కూర్చోబెట్టాడు.

"ఒళ్లు ఇన్సులిన్ తయారుచేసుకుంటే, దాంతోపాటు సి-పెప్టైడ్ అనే తోడు కూడా పుడుతుంది. సూదిమందులో ఆ తోడు ఉండదు. పాప రక్తంలో ఉందా?"

"బోలెడుంది," అన్నాడు డాక్టరు. "ఆ ఇన్సులిన్ పాప ఒంట్లోదే. రెండో పరీక్షలో షుగరు మాత్ర మందు కూడా దొరికింది. ఇన్సులిన్ అంతలా తయారుచేసేలా ఒంటిని తరిమింది అదే."

"ఆ మాత్రలు ఈ ఇంట్లో ఒక్కరివే. నిజంగా మింగుతుంటే ఆయన చక్కెర ఎందుకు దిగదు?" డిటెక్టివ్ వాలుకుర్చీ సందులో చెయ్యి పెట్టి, తెల్ల మాత్రలు కొన్ని బయటకు తీశాడు.

మామగారి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"గొంతులో అడ్డం పడతాయని భయమండీ. దవడలో దాచి, తను అటు తిరగ్గానే అక్కడ పడేసేవాణ్ణి. పిల్ల ఏరుకుని తింటుందని కలలో కూడా అనుకోలేదు. అయ్యో, నా చేతులారా..." ఆయన భోరుమన్నారు.

ఆమెను అనుమానించినందుకు అసిస్టెంటు సిగ్గుపడ్డాడు. భర్త ఏదో చెప్పబోతే ఆమె వినిపించుకోలేదు. పాపను చంక దించకుండానే రాత్రి మాత్ర, గ్లాసుడు నీళ్లు తెచ్చింది.

"వేసుకోండి మామయ్యగారూ. మింగారా? ఏదీ, నోరు తెరవండి."

ఆయన కళ్లు తుడుచుకుని నోరు తెరిచారు.

"నాలుక ఎత్తండి."