గోడ మీద చోటు

...కూతురు అడిగిందా? అడగలేదు. వద్దందా? అదీ లేదు. మరి పొద్దున్నే స్టూలెక్కి దాని గది గోడకి రంగెందుకు పూస్తున్నట్టు? బోర్డులు రాసే ఆ పెద్దమనిషికి తన చేతుల సంగతి తనకే అంతుపట్టలేదు. ఫ్లెక్సీలొచ్చాక వాటికి పని లేదు. ఇవాళ మాత్రం కుంచె తనంతట తనే పరిగెడుతోంది.

కూతురు మందుల షాపులో పనిచేస్తూ, తన పాటలు తనే రాసుకుని, పాడి, ఫోన్లో జనం ముందు పెడుతుంది. వాన మీద పాడిన పాట ఊరూరా పాకింది. దాన్ని వినిపించి, ఎలాంటివాళ్లు వింటున్నారో చూపించి, తన పాటలకి డబ్బు పెట్టేలా ఓ గొడుగుల కంపెనీని ఒప్పించింది. పాడేటప్పుడు వెనక గోడ మీద వాళ్ల పేరుండాలి. సాయంత్రం వాళ్ల మనిషి చూడ్డానికొస్తాడు. నచ్చకపోతే పాటలు కట్టిపెడతానని తల్లికి మాటిచ్చింది.

"ఇంతింత అక్షరాలేంటండీ? రైల్లో పోయేవాళ్లు చదవాలా?" అంది భార్య.

"డబ్బిచ్చేవాడి పేరు నలుసంత రాస్తే వాడి మొహం మాడదూ?"

"అదొచ్చి చూశాక మాడేది మీ మొహం!"

మధ్యాహ్నం కూతురు గిటారుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. పైకప్పు నుంచి నేలదాకా నీలం అక్షరాలు, వాటికి పసుప్పచ్చ అంచులు.

"ఎలా ఉందమ్మా?"

ఆమె వెళ్లి గోడ ముందు నించుంది. ఎటు జరిగినా తల మీంచి ఏదో ఒక అక్షరం కొమ్ములా మొలుస్తోంది.

"నాన్నా, నేనెక్కడ నిలబడను?"

"ఎక్కడైనా నిలబడు. గది నీదేగా."

"గది నాదే. గోడ నీదైపోయింది. నేను కనబడితేనే కదా వాళ్ల పేరు ఎవరైనా చూసేది?"

"నీకోసమే కదే ఇదంతా..."

"నాకోసమేనా?"

ఆయన గోడకేసి చూశాడు. ఆ పసుప్పచ్చ అంచులు ఎవరడిగారు? చివరి అక్షరానికి ఆ మెలితిరిగిన తోక ఎవరికోసం? ఎన్నాళ్లకో ఓ గోడ దొరికింది. కరువులో ఉన్నవాడు విస్తరి మీద పడ్డట్టు పడ్డాడు. పొద్దుట్నుంచీ కూతురు అసలు గుర్తొచ్చిందా? వచ్చినట్టే ఉంది, రానట్టూ ఉంది. ఏదీ తేలలేదు గానీ కళ్లు తడిశాయి.

అది చూసి కూతురి గొంతు మెత్తబడింది. "అక్షరాలు బావున్నాయి నాన్నా. అందుకే భయమేసింది. వీటి ముందు నన్నెవరు చూస్తారు?"

తల్లి స్టూలు పక్కకి లాగేసింది.

ఆయన గోడని వేలితో తాకి చూశాడు. రంగు ఆరిపోయింది. చొక్కా జేబులోంచి సుద్దముక్క తీశాడు.

"ఇలా రా. గిటారు పట్టుకుని గోడకి ఆనుకో. నువ్వున్నంత మేరా తెల్లగా చేసేస్తాను. వాళ్ల పేరు కింద మూలన చిన్నగా మళ్లీ రాస్తే చాలు."

"వాళ్లు ఒప్పుకోకపోతే?"

"ఏమో. నువ్వు పాడు."

ఆమె సన్నగా రాగం అందుకుంది. ఆయన తన అక్షరాల మీదుగానే, కూతురి భుజం దగ్గర మొదలుపెట్టి, నెమ్మదిగా ఆమె చుట్టూ గీత గీశాడు.