నాలుగు దినాల గడువు

చావుకు దగ్గరైనవాళ్ళ పక్కన కూర్చోవడం శశికళ పని. మందులివ్వదు, సూది వెయ్యదు. పెదవులు ఎండితే తడిగుడ్డతో అద్దుతుంది, చెయ్యి పట్టుకుంటుంది, ఇంటివాళ్ళ గొంతులో అడ్డుపడ్డ మాటలను వాళ్ళ చేతనే చెప్పిస్తుంది. చివరికి చెవి దగ్గర వంగి, “వెళ్ళిరాప్పా, ఇక్కడ అందరమూ బాగుంటాము” అంటుంది. చింతామణి చుట్టుపక్కల పదకొండేళ్ళుగా ఆ మాట విని ఎందరో నెమ్మదిగా వెళ్ళిపోయారు.

దిబ్బూరహళ్ళిలో గంగాధరప్ప ఇంటికి ఆమె ఒక మధ్యాహ్నం చేరింది. అతని తండ్రి పిళ్ళప్పను పట్టుపురుగుల కొట్టాన్ని ఆనుకొని ఉన్న గదిలో పడుకోబెట్టారు. గోడకు అవతల వేలకొద్దీ పురుగులు ఆకు నములుతున్న చప్పుడు ఎడతెగని చినుకులా వినిపిస్తోంది. పచ్చి ఆకు వాసనలో, పురుగుల మీద చల్లిన సున్నపు ఘాటు కలిసింది. ముసలాయన ఒక్కొక్క ఊపిరినీ ఎక్కడినుంచో వెదికి తెచ్చుకుంటున్నాడు.

“రేపటికి వెళ్ళిపోతారు. రావలసినవాళ్ళను పిలిపించండి,” అంది శశికళ.

గంగాధరప్ప గడప దాటలేదు. “పిలిచేది కాదమ్మా, ఆపేది చూడు. పురుగు గూడు కట్టేదానికి ఇంకా నాలుగు దినాలుండాది. ఇంట్లో మైల పడితే మేము కొట్టంలో అడుగు పెట్టేదానికి లేదు. మేత లేక అంతా చస్తాది.”

“అది నా చేతిలో లేదప్పా.”

“నీ మాటకు పోతారంట కదా. నీ మాటకే నిలుస్తారులే.”

వెనకనుంచి అతని భార్య ప్రేమ నవ్వింది. “లేకుంటే నీకు అంత పేరు ఊరికే వచ్చిందా?”

తలుపు మూసుకుంది, బయటినుంచి గొళ్ళెం పడింది.

ఆ ఏడు ఆ ఇంటికి మిగిలిన పంట అదొక్కటేనని శశికళకు తెలుసు. దీపాలవేళకు పిళ్ళప్ప పెదవులు కదిలాయి.

“పోతానమ్మా... చెప్పు.”

ఆమె తడిగుడ్డతో ఆ పెదవులు అద్దింది. తరువాత వంగి, తన జన్మలో ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

“ఉండప్పా. నాలుగు దినాలు ఉండు.”

ముసలాయన కళ్ళు తెరిచాడు. వాటిలో వేడుకోలు లేదు. పగ ఉంది.

ఆ కళ్ళు మళ్ళీ మూతపడలేదు.

మరునాడు పాదాలు చల్లబడ్డాయి. మూడోనాడు గోళ్ళు నల్లబడ్డాయి. సున్నపు ఘాటు కింద మరో వాసన మొదలైంది. శశికళ మణికట్టు మీద వేళ్ళుంచి వెదికింది. నాడి లేదు. ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టింది. గాలి లేదు. కాని ఛాతీ మాత్రం... లేస్తోంది, దిగుతోంది. చెప్పిన పని చేస్తున్నట్టు.

ఆమె తలుపు బాదింది. “గంగాధరప్పా, మీ నాయన పోయినాడు. నిన్ననే పోయినాడు.”

కిటికీలో అతని ముఖం కనిపించింది. “రొమ్ము ఆడతాండాది కదమ్మా.”

“ఆడతాండాది. అయినా పోయినాడు.”

“ఇంకొక్క దినం.” కిటికీ మూసుకుంది.

నాలుగోనాటి సాయంత్రం నమిలే చప్పుడు ఆగిపోయింది. గొళ్ళెం తీశారు. “పురుగు గూడు కట్టేదానికి ఎక్కేసిందమ్మా,” అన్నాడు గంగాధరప్ప, తండ్రి వంక చూడకుండానే. “ఇంక చెప్పు.”

శశికళ వంగింది. “వెళ్ళిరాప్పా... ఇక్కడ అందరమూ...”

ఛాతీ లేచింది. దిగింది.

“వెళ్ళిరాప్పా.”

లేచింది.

ముసలాయన చల్లని వేళ్ళు ఆమె మెడ వెనక బిగిశాయి. ఆమె చెవిని తన నోటి దగ్గరికి లాక్కున్నాడు. ఆ నోట ఊపిరి లేదు. మాట మాత్రం ఉంది.

“ఉండు... నువ్వూ ఉండు.”

వేళ్ళు జారాయి. ఛాతీ ఆగింది.

శవాన్ని తాకినవాళ్ళు తలస్నానం చెయ్యాలని పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్ళ అండా పెట్టారు. బక్కెట్టుతో ప్రేమ వెనకాలే వచ్చింది.

“శశికళమ్మా, తాళు... అవి మరగతాండాయి. చన్నీళ్ళు ఇంకా కలపలే.”

శశికళ అప్పటికే నాలుగు చెంబులు నెత్తిన పోసుకుంది. భుజాల మీదినుంచి ఆవిరి పొగలా లేస్తోంది. చేతుల మీద ఒక్క బొబ్బ లేదు. కాస్తంత ఎరుపు కూడా లేదు.

ప్రేమ బక్కెట్టు కింద పెట్టి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది.

“చలిగా ఉండాదమ్మా,” అంది శశికళ, వణుకుతూ. ఐదో చెంబు ముంచింది.