జేబు లేని అంగీ

"ఈ అంగీ కుట్టింది ఎవలు?"

నా టేబుల్ మీద తడి గొడుగు ఒకటి, దాని పక్కన వంకాయ రంగు టీషర్టు ఒకటి వచ్చి పడ్డాయి. కంప్యూటర్ మీంచి తలెత్తి చూస్తే ఎదురుగా ఒక అమ్మాయి. మెడలో కొలతల టేపు, ముంగురుల మీద వాన చుక్కలు. కళ్ళలో మాత్రం తడి లేదు, నిప్పే ఉంది.

"కంపెనీ పంపింది మేడం," అన్నాను.

"మనుషుల కోసమే పంపిన్రా?"

"మనుషుల కోసమే."

"మరి జేబేది?"

నేను టీషర్టు వైపు చూశాను. జేబు లేదు. లేదని నాకు తెలుసు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ రోడ్డులో వాహిని పార్సిల్ సర్వీస్ ఫ్రాంచైజీ నాది. నాలుగు ట్రాలీ ఆటోలు, ఎనిమిది మంది మనుషులు, నాతో తొమ్మిది. మొన్నటిదాకా మావి ఆకుపచ్చ బండ్లు, ఖాకీ చొక్కాలు. హైదరాబాదులో ఎవరో కూర్చుని వాహిని పేరును 'వాహో' చేశారు. బండ్ల ఒంటి నిండా వంకాయ రంగు స్టిక్కర్లు అంటించారు. మనుషులకు అదే రంగు టీషర్టులు, ప్యాంట్లు పంపారు. వారం తిరక్కుండానే మార్కెట్లో మా బండ్లకు 'వంకాయ బండ్లు' అని పేరు పడిపోయింది.

నేను అవేవీ పట్టించుకోలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. కాగితం మీద ఎలా రాసి ఉంటే అలా చేయడమే చదువు అని నమ్మినవాణ్ణి. కంపెనీ నుంచి పద్నాలుగు పేజీల రూల్స్ పుస్తకం వచ్చిన రోజే కూర్చుని మొత్తం చదివాను.

"నా పేరు దివ్య. మీ వెనక గల్లీల టైలర్ షాపు నాదే," అంది ఆ అమ్మాయి. "మీ దగ్గర చేసే మొగిలమ్మక్క పొద్దుగాల ఇది పట్టుకొచ్చింది. ఆమెకు ఆయాసం. నోట్లె కొట్టుకునే మందు పంపు ఎప్పుడు చీర కొంగున కట్టుకొని తిరిగేది. ఇప్పుడు ప్యాంటు తొడిగిన్రు. దానికి జేబు లెక్క కుట్టు గీత ఉన్నది గని లోపట జేబు లేదు. పంపు యాడ పెట్టుకోవాలె, నెత్తి మీదనా?"

తలుపు పక్కనుంచి మొగిలమ్మ తొంగి చూసింది. "గది కాదు బిడ్డా, నన్ను ఈ ప్యాంటుల చూసి మా ఆయన 'నమస్తే సార్' అన్నడు. గదెవలికి చెప్పుకోవాలె?"

దివ్యకు నవ్వు వచ్చింది కానీ నా ముందు నవ్వదలచుకోలేదు.

"యూనిఫాం మీద కత్తెర పెట్టొద్దు మేడం. పేజీ తొమ్మిది," అన్నాను.

"జేబు ఎందుకు లేదో అది ఏ పేజీ?"

నేను పుస్తకం చేతిలోకి తీసుకున్నాను.

"చదివి చెప్పున్రి సార్. గోడకు డిగ్రీ పట్టా ఏలాడదీసిన్రు గదా."

పదకొండో పేజీ తీశాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి, వీలైనంత మెల్లగా చెప్పాను. "చిన్న వస్తువుల నష్టం జరగకుండా డెలివరీ సిబ్బంది దుస్తులకు జేబులు ఉండవు."

"అంటే వీళ్ళు దొంగలని."

"అట్ల రాయలేదు."

"మరెట్ల రాసిన్రు?"

బయట వాన జోరందుకుంది. మొగిలమ్మ తలుపు దగ్గర లేదు. విన్నదో లేదో తెలియదు.

"ఇది మీకు ముందుగాలనే ఎర్కనా?" అంది దివ్య.

అబద్ధం చెప్పడం నాకు రాదు. "ఎర్కే."

"ఎర్కుండి తొడిగిచ్చిన్రు."

గొడుగు తీసుకుంది. వానలోకి దిగి కూడా దాన్ని తెరవలేదు. అంత కోపంగా నడిచే మనిషిని అంతసేపు చూడటం నాకు అదే మొదటిసారి.

* * *

ఇంటికి వెళ్ళి టీషర్టు కుర్చీ మీద వేశాను. మా నాయన జ్ఞానప్రకాశం ఇరవై ఎనిమిదేళ్ళు హమాలీ పని చేసిన మనిషి. దాన్ని చేతిలోకి తీసుకుని ఎడమ వైపు తడిమి చూశాడు.

"జేబు మర్చిపోయిన్రారా?"

విషయం చెప్పాను. టీషర్టును మోకాళ్ళ మీద పరుచుకున్నాడు.

"కేసముద్రంల ఒక గోదాముల పనిజేసిన, నువ్వు పుట్టకముందు," అన్నాడు. "పని దిగినంక గేటు కాడ లైన్ల నిలవెట్టేటోళ్ళు. జేబులు బయటికి గుంజి చూపియ్యాలె. రోజు చూపిచ్చిన. రోజు ఖాళీనే. ఖాళీ అని చూపిచ్చెటందుకన్న ఒక జేబు ఉండె. మీరు గది గూడ తీసేసిన్రు."

నాయన 'వాళ్ళు' అనలేదు. 'మీరు' అన్నాడు.

* * *

మర్నాడు పొద్దున్నే తొమ్మిది టీషర్టులు సంచిలో వేసుకుని వెనక గల్లీకి వెళ్ళాను. వాన తుంపర పడుతోంది. రేకుల షెడ్డులో దివ్య మిషన్ తొక్కుతోంది. పక్కన వాళ్ళమ్మ సువార్తమ్మ గుండీలు కుడుతోంది.

"షాపు బంద్," అంది దివ్య, తలెత్తకుండా.

"మిషన్ నడుస్తాంది గదా."

"రూల్స్ పాటించెటోళ్ళకు బంద్."

సంచి బల్ల మీద బోర్లించాను. "తొమ్మిది జేబులు కావాలె."

మిషన్ ఆగింది. "పేజీ తొమ్మిది?"

"చింపలేదు. పుస్తకం మూసిన."

మొదటిసారి నన్ను సరిగ్గా చూసింది. ఆ చూపు ఒక్క క్షణమే. కానీ నాకు చొక్కా కాలర్ సరిచేసుకోవాలనిపించింది.

"కంపెనీ నుంచి చెకింగ్ ఉంటది," అన్నాను. "అందుకే లోపటి దిక్కు కుట్టు. బయటికి కనవడొద్దు."

దివ్య టీషర్టులన్నీ మళ్ళీ సంచిలో కుక్కింది. "మేం దొంగలం గాదని చెప్పెటందుకు చాటుకు కుట్టాల్నా? నాతోని గాదు. కుడితే రొమ్ము మీద, అందరికి కనవడేటట్టు కుడత. లేకుంటె తీస్కపోన్రి."

సువార్తమ్మ గుండీ మీంచి కళ్ళెత్తి నా వైపు చూసింది, వీడేం చేస్తాడో చూద్దామన్నట్టు.

నాకు కంపెనీ గుర్తొచ్చింది. అప్పు తీరక ఇంకా బ్యాంకులోనే ఉన్న బండ్ల కాగితాలు గుర్తొచ్చాయి. తర్వాత నాయన చెయ్యి గుర్తొచ్చింది, టీషర్టు ఎడమ వైపు తడుముతున్న చెయ్యి.

"కనవడేటట్టే కుట్టు," అన్నాను.

"వంకాయ రంగు బట్ట నా దగ్గర లేదు మరి."

"పాత ఖాకీ అంగీలు తొమ్మిది ఉన్నయి. అవి కత్తిరిస్తే రాదా?"

అప్పుడు నవ్వింది. ఆ నవ్వు కోసం పద్నాలుగు పేజీలూ చింపేయొచ్చు అనిపించింది. నాలాంటివాడికి అది పెద్ద మాటే.

మధ్యాహ్నం టేపు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. ఊరికే ముక్క అంటించేస్తే సరిపోదట. ఎవరెవరు జేబులో ఏం పెట్టుకుంటారో తెలియాలట.

"నాకు ఫోను, చత్వారం అద్దాలు," అన్నాడు డ్రైవర్ యాదగిరి. "గియ్యర్ ఏస్తాంటె జారిపడొద్దు."

"నాకు పంపు. జర లోతుగ పెట్టు బిడ్డా," అంది మొగిలమ్మ.

అందరివీ రాసుకుని నా దగ్గరికి వచ్చింది. "మీకు?"

"పెన్ను."

"పెన్నొక్కటేనా?"

"ఇంకేం లేదు పెట్టుకోనీకి."

"ఇన్నేండ్లల్ల పెన్ను తప్ప ఏం సంపాయించలే?" అంటూ టేపు నా ఛాతీ మీద ఆనించింది. జేబుకు అంత పెద్ద కొలత ఎందుకో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా.

నాలుగు రోజుల్లో ఎనిమిది టీషర్టులు వచ్చాయి. వంకాయ రంగు మీద ఖాకీ జేబు, కంటికి కొట్టొచ్చినట్టు. తొమ్మిదోది మాత్రం రాలేదు. రోజూ సాయంత్రం నేను వెళ్ళి అడగడం, రోజూ తను ఒక సాకు చెప్పడం.

"దారం అయిపోయింది."

"నిన్న కూడా దారమే అన్నవు."

"నిన్న నల్ల దారం. ఇయ్యాల ఖాకీ దారం."

నేను 'మేడం' మానేసింది ఎప్పుడో, తను 'సార్' మానేసింది ఎప్పుడో ఇద్దరికీ గుర్తులేదు. సువార్తమ్మకు గుర్తుంది. నేను వెళ్ళగానే రెండు గ్లాసుల చాయ్ పెట్టి, గుండీల డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది.

* * *

శుక్రవారం ఏరియా మేనేజర్ కిషన్ రావు వచ్చాడు. చేతిలో ట్యాబ్. బండ్లన్నీ నాలుగు దిక్కుల నుంచి ఫొటోలు తీశాడు.

"వెహికిల్స్ పర్ఫెక్ట్," అన్నాడు. అప్పుడు వరుసగా నిలబడిన మనుషులను చూశాడు. "ఫ్రాన్సిస్, ఏంటిది?"

"జేబులు సార్."

"అది నాకూ కనిపిస్తోంది. ఎవరు పెట్టమన్నారు?"

"నేనే పెట్టిచ్చిన."

కిషన్ రావు చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి నన్ను పక్కకు పిలిచాడు. "అగ్రిమెంట్ క్యాన్సిల్ చేస్తారయ్యా. సోమవారంకల్లా పీకించెయ్. నేను ఈ రోజు చూడలేదనుకుంటా."

నేను పక్కకు వెళ్ళలేదు. రూల్స్ పుస్తకం తెచ్చి, పదకొండో పేజీ తీసి, ఈసారి అందరికీ వినబడేలా తెలుగులో చదివాను. యాదగిరి మొహం మాడిపోయింది. మొగిలమ్మ తల దించుకుంది.

"సార్, వీళ్ళల్ల ఎవరి మీద అనుమానమో పేరు రాసి సంతకం పెట్టియ్యిన్రి. ఇప్పుడే జేబులు పీకిస్త."

"నేనెట్లా రాస్తాను? రూల్ అందరికీ కదా."

"అందరికా సార్?" యాదగిరి వేలు చూపించాడు. "మీకున్నది గదా."

కిషన్ రావు చొక్కాకు జేబు ఉంది. జేబులో పెన్ను ఉంది. అందరూ దాని వైపే చూస్తుంటే ఆయన చెయ్యి దానంతట అదే వెళ్ళి ఆ జేబును కప్పుకుంది.

సరిగ్గా అప్పుడే దివ్య గొడుగు ముడిచి లోపలికి వచ్చింది. చేతిలో తొమ్మిదో టీషర్టు. నాకు అందించి గోడ పక్కన నిలబడింది. నేను లోపలికి వెళ్ళి తొడుక్కుని వచ్చాను. ఎడమ వైపు ఖాకీ జేబు. పెన్ను పెట్టుకుందామంటే దిగలేదు. జేబు మూతి కుట్టేసి ఉంది, సన్నటి కుట్టుతో, గట్టిగా.

కిషన్ రావు దగ్గరికొచ్చి వేలితో తట్టి చూశాడు. ఆయన మొహం వెలిగింది. "ఇదిగో, దొరికింది దారి. మూతి కుట్టేస్తే ఇది జేబు కాదు, డిజైన్. అందరివీ ఇట్లా కుట్టించు. డిజైన్ అని రాసుకుంటా. నీ ఫ్రాంచైజీ నీకుంటుంది."

మంచి మాటే. కాగితానికి ఇబ్బంది లేదు, బండ్లకు ఇబ్బంది లేదు. దివ్య వైపు చూశాను. ఆమె వానను చూస్తోంది, ఈ ఆఫీసులో జరిగేదానితో తనకేం పని లేనట్టు. మొగిలమ్మ అరచెయ్యి తన జేబు మీద ఉంది, లోపలున్న పంపు మీద.

"దివ్యా, కత్తెర ఇయ్యి."

వానను చూస్తున్న మనిషి వెంటనే ఇచ్చింది. షాపులో కొక్కానికి వేలాడే పెద్ద కత్తెర కాదు, దారాలు తెంపే చిన్నది. పిడికిట్లోనే పెట్టుకుని ఉంది.

కుట్టు ఒక్కొక్కటే తెంపాను. మూతి తెరుచుకుంది. లోపలి నుంచి మడత పెట్టిన చీటీ ఒకటి కింద పడింది. నాకంటే ముందు యాదగిరి తీశాడు. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని మరీ చదివాడు.

"ఆదివారం... చర్చి అయినంక... మా అమ్మ ఇంట్లనే ఉంటది. మీ నాయినను... తోల్కరా."

అందరి తలలూ దివ్య వైపు తిరిగాయి. తర్వాత మొగిలమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఆయాసం వచ్చి, జేబులోంచి పంపు తీసి పీల్చి, మళ్ళీ నవ్వింది.

"ఎందుకు కుట్టేసినవు?" దివ్యను అడిగాను.

"నువ్వు కుట్టేసుకొని తిరిగే రకమా, ఇప్పే రకమా చూద్దామని." గొంతు గట్టిగానే ఉంది కానీ చెవులు ఎర్రబడ్డాయి. "ఇప్పకపోతే చీటీ అండ్లనే నానిపోయేది. నాకేం ఫికర్ లేకుండె."

కిషన్ రావు ట్యాబ్ పట్టుకుని నిలబడిపోయాడు. "ఫ్రాన్సిస్, అది..."

"చిన్న వస్తువే సార్," అన్నాను, చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ. "పోకుంట దాచుకుంట. నష్టం జరగది. ఇగ మీరేం రాసుకుంటరో రాసుకోన్రి."

* * *

శనివారం నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో జేబులు తీయకపోతే ఫ్రాంచైజీ రద్దు. ఆదివారం ప్రార్థన అయ్యాక నాయనను వెంటబెట్టుకుని సువార్తమ్మ ఇంటికి వెళ్ళాను. దాచి మాట్లాడటం రాదు కాబట్టి కూర్చోగానే నోటీసు తీసి ఆమె చేతిలో పెట్టాను.

"పదిహేను దినాలైనంక నాకు పని ఉంటదో ఉండదో తెల్వదమ్మా. ఇది చూసినంకనే మాట చెప్పున్రి."

సువార్తమ్మ నోటీసు అటూ ఇటూ తిప్పి చూసింది. చదువు రాదు. దివ్యతో చదివించుకుంది.

"బండ్లు?" అని నన్ను అడిగింది.

"నా పేరు మీదనే ఉన్నయి. కంపెనీది రంగొక్కటే."

"నడపొస్తదా?"

"వస్తది."

మా నాయన దగ్గాడు. "వానికి రాకుంటె నాకు మూట మోయ వస్తది సువార్తమ్మా. వాని ఇల్లు ఆగది."

ఆమె నోటీసు మడిచి, లేచి వచ్చి, తన చేత్తోనే నా టీషర్టు ఖాకీ జేబులో పెట్టింది. "వాళ్ళు తీసేస్తె తీసెయ్యనీ కొడకా. జేబు మాత్రం తియ్యకు. నా బిడ్డ కుట్టింది."

అప్పుడే ఫోన్ మోగింది. కేసముద్రం ఫ్రాంచైజీ నడిపే హరీష్. యాదగిరి నిన్న అక్కడికి లోడ్ తీసుకెళ్ళాడు, ఖాకీ జేబుతోనే.

"తమ్మీ, మీ టైలర్ ఎవలు? మావోళ్ళు పదకొండు మంది పొద్దుటి సంది నా పానం తీస్తాన్రు. మాకు గూడ కావాలె."

ఫోన్ చేత్తో మూసి దివ్యకు చెప్పాను. తను వంటింటి గుమ్మంలో చాయ్ గ్లాసులతో నిలబడి ఉంది.

"ఆదివారం మిషన్ తొక్కనని చెప్పు. రేపు రమ్మను," అంది. "వాళ్ళ పాత ఖాకీ అంగీలు వాళ్ళే తెచ్చుకోవాలె. ఇంకోటి, నేను లోపటి దిక్కు కుట్టనని ముందుగాలనే చెప్పు."